అమ్మ దిగని నీళ్లు

జెరూసలేం నుంచి వచ్చిన ముగ్గురు యూదు మతగురువుల, రబ్బీల ముందు అమ్మా నేనూ కూర్చున్నాం. పోర్చుగల్‌లోని మా ఊరు బెల్మోంత్‌లో ఉన్న యూదు కుటుంబాలన్నిటినీ వాళ్లు ఒక్కొక్కటిగా పిలిపిస్తున్నారు.

"మీకు బాప్తిస్మం అయిందా అమ్మా?" అన్నాడు పెద్ద రబ్బీ.

"ఈ ఊళ్లో కానిదెవరికి? ఫాదర్ నెత్తిన నీళ్లు పోస్తుంటే, ఇది లెక్కలోకి రాదే అని మా అమ్మ నా చెవిలో చెప్పిందట."

ఆయన నవ్వలేదు. "అయితే మీరు మా శుద్ధిస్నానం తొట్టిలో మునిగి యూదు మతంలోకి మారాలి. అప్పుడే యూదులని కాగితం ఇస్తాం."

అమ్మ ముఖం ఎర్రబడింది. "ఐదొందల ఏళ్లు చర్చిలో మోకరిల్లి, ఇంట్లో తలుపులేసుకుని మా యూదు మతాన్ని దాచుకున్నాం నాయనా. దొరికినవాళ్లని చర్చివాళ్లు యూదులని తగలబెట్టారు. ఇప్పుడు నువ్వు కాదంటున్నావు. మరి వాళ్లు కాల్చింది ఎవర్ని?"

రబ్బీ కలం కింద పెట్టాడు. "ధర్మశాస్త్రం నా చేతుల్లో లేదమ్మా" అన్నాడు.

"అయితే నేను మునగను" అని అమ్మ లేచి వెళ్లిపోయింది.

వచ్చే నెల నా పెళ్లి యూదుల పద్ధతిలో జరగాలంటే నాకు ఆ కాగితం కావాలి. ఆ మాట అమ్మతో అనడానికి నోరు రాలేదు.

మర్నాడు ఒక్కదాన్నే వెళ్లి నీళ్లలో దిగాను. పైకి వచ్చేసరికి తువ్వాలు పట్టుకుని అమ్మ నిలబడి ఉంది.

"చల్లగా ఉన్నాయా?" అంది, నా తల తుడుస్తూ.