రోడ్డు మీది పప్పుచారు

ఏది తింటే నా గొంతు వాస్తోందో తేలేదాకా అన్నం, సొరకాయ తప్ప మరేదీ ముట్టొద్దని డాక్టరు పథ్యం పెట్టాడు. నెల దాటింది. సొరకాయ పేరు వింటేనే ఒళ్లు మండిపోతోంది.

సకల జనుల సమ్మెలో మా వాడ ఆడవాళ్లందరం జనగామ రోడ్డు మీద వంటావార్పు పెట్టాం. పొద్దున నేనూ బండలు మోసి రోడ్డుకు అడ్డం పెట్టాను. మధ్యాహ్నం పప్పుచారు వాసనకు ఆగలేకపోయాను. ఈ ఒక్క పూటే అనుకుని విస్తరి ముందు కూర్చున్నాను.

రెండో ముద్దకే పెదవులు తిమ్మిరెక్కాయి.

వడ్డిస్తున్న వనమాలక్కను అడిగాను. "అక్కా, గిండ్ల ఏమేమి ఏసిన్రు?"

"ఎవరింట్ల ఏముంటే గది తెచ్చి ఏసిన్రు తస్లీమా. అన్నీ నాకేం తెలుసు? జర ఆగు, ఇంకింత పోస్త."

నాలుక మందమైంది. దవాఖాన రోడ్డుకు ఆ కొసన ఉంది. మధ్యలో మా బండలు, వాటి వెనక ఆగిపోయిన లారీలు. నన్ను తీసుకుపొమ్మని అరవబోయాను. గొంతు పెగల్లేదు. చెయ్యి పైకెత్తి ఊపాను.

వనమాలక్క నన్ను చూసి నవ్వి, తనూ పిడికిలెత్తింది.

"జై తెలంగాణ!" అని రోడ్డంతా నాకు బదులిచ్చింది.