విషాన్ని మోసే ప్రోటీన్

“ఈ ఇంట్లో నేను జీతం లేని పనిమనిషిని కానని వాడితో చెప్పు,” అంది అత్తయ్య, నేను గిన్నెలు తోముతుంటే. వాడంటే మా ఆయన. పక్కగదిలోనే ఉన్నాడు. తల్లీకొడుకులు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకుని ఏళ్ళయింది. మధ్యలో నేనున్నాను కదా. చేతులు తుడుచుకుని వెళ్ళి, “అత్తయ్యకి నడుం నొప్పిగా ఉందట,” అన్నాను. “ఆ సణుగుడు భరించలేకే ఇంటికి ఆలస్యంగా వస్తున్నానని చెప్పు,” అన్నాడు. తిరిగొచ్చి, “డాక్టరుకి చూపిద్దామంటున్నారు,” అన్నాను. మర్నాడు సెలవు పెట్టి ఆవిడని తీసుకెళ్ళింది, ఇంకెవరు, నేనే. మా కోడలు వచ్చాక ఇంట్లో గొడవన్నదే లేదని అత్తయ్య అందరికీ చెబుతుంది. ఆ మెప్పుకి ఇన్నాళ్ళూ పొంగిపోయాను కూడా.

నేను పనిచేసే ల్యాబులో తెల్లదోమల్ని పెంచుతాం. పంటల మీద కొట్టే మందుకి అవెందుకు చావడం లేదో కనుక్కోవడం నా పని. వాటి ఒంట్లో ఓ చిన్న ప్రోటీన్ ఉంది. మందు లోపలికి రాగానే దాన్ని కడుపులో పెట్టుకుని, నరాల దాకా పోనివ్వకుండా పక్కకి మోసుకుపోతుంది. ఆ ప్రోటీన్ తయారవకుండా ఆపి చూశాం. అంతకుముందు లక్ష్యపెట్టని మోతాదుకే పురుగులు రాలిపోయాయి.

“మరి మందుని పట్టుకున్న ప్రోటీన్ ఏమవుతుంది?” అని అడిగారు పెద్దసారు.

“చూడలేదు సార్,” అన్నాను. పురుగు బతికిందా చచ్చిందా అన్నదే మా లెక్క. ఆ మాట నా నోటితో నేనే అన్నాక ఎందుకో చాలా కోపం వచ్చింది.

“వచ్చే నెల పొరుగూళ్ళో జరిగే సదస్సులో ఈ ఫలితాలు మీరే చెప్తే బాగుంటుంది. నాలుగు రోజులు ఇల్లు వదిలి వెళ్ళగలరా? కుదరదంటే మీ జూనియర్ని పంపుతాను. రాత్రిలోగా ఫోన్ చేసి చెప్పండి.”

ఇంటికెళ్ళి చెప్పగానే అత్తయ్య అందుకుంది. “నాలుగు రోజులు వాడికి వండిపెట్టడం నా వల్ల కాదు. పెళ్ళాన్ని ఊళ్ళకి పంపే మొగుడికి సిగ్గుండాలని చెప్పు.”

గదిలోకి వెళ్ళేలోపే, అలవాటుకొద్దీ, అత్తయ్యకి మీ తిండి గురించే బెంగ అన్న మాట నాలిక మీదకి వచ్చేసింది. దాన్ని మింగేశాను. ఆవిడ అన్నది అన్నట్టు అప్పజెప్పాను.

ఆయన మొహం ఎర్రబడింది. “ఎంత మాటంది! వెళ్ళి చెప్పు, తను...”

“హాల్లోనే ఉన్నారు. మీరే చెప్పండి.”

కాసేపు నన్ను వింతగా చూశాడు. తర్వాత విసవిసా హాల్లోకి నడిచాడు. నేను తలుపు వేసుకుని సారుకి ఫోన్ చేశాను. నేనే వెళ్తున్నానని చెప్పాను.

“ఏంటమ్మా ఆ అరుపులు? ఇంట్లో ఏమైనా గొడవా?” అన్నారాయన.

“గొడవే సార్,” అన్నాను. “నాది కాదు, వాళ్ళది.”