లీలమ్మ నడుము

పొద్దున బహదూర్‌పురాల ఆ గల్లీకి పోతే ముందుగాల వినపడేది డానియేలు ఉలి చప్పుడు. సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కుడు ఆయన పని. ఎదురుంగనే షఫీఉద్దీన్ భాయ్ ఇనుప షాపు, అక్కడ లారీ నుంచి పట్టీలు దించే చప్పుడు ఇంకో దిక్కు. ఈ రెంటి నడుమ చాయ్ తాగుదామంటే చెవుల దూది పెట్టుకోవాలె. అయినా ఆ గల్లీల ఎవ్వరికి అది లొల్లి అనిపియ్యదు, అలవాటైంది.

డానియేలుకు తెలుగు చదవొస్తది, ఇంగ్లీషు రాదు. గిరాకీ కాయితం మీద రాసిస్తే, ఆ అక్షరాలను బొమ్మలనుకొని చూసి చెక్కుతడు. చెయ్యి మంచిదే. కాని కాయితంల తప్పుంటే రాయి మీద గూడ తప్పే పడ్తది గద. ఇంగ్లీషుల ఒక్క అక్షరం అటు ఇటయితే అర్థమే మారిపాయె. గట్ల తప్పు పడితే ఆ రాయి కింది మనిషి పండుకోడు. లేసొచ్చి డానియేలు అరుగు మీద కూసుంటడు, రాయి సక్కగయ్యేదాక.

రిటైరైన హెడ్మాస్టరు సామ్యూల్ సారు రాయి మీద ‘సేక్రెడ్’, అంటే పవిత్రం అని ఉండాలె. ‘స్కేర్డ్’, అంటే బెదిరినోడు అని పడ్డది. బతికినన్ని దినాలు బెత్తం పట్టి పిల్లగాండ్లను వణికిచ్చిన మనిషి, పాపం, ఆటో హారన్ కొడితే చాలు ఉలిక్కిపడి స్తంభం పట్టుకునేటోడు. రైల్వేల చేసిన ఇశ్రాయేలుకు శాంతి అని రాయమంటే ముక్క అని పడ్డది. ఇంగ్లీషుల రెండూ ‘పీస్’ అనే పలుకుతరు, రాసుడే వేరు. పొద్దుగాల ఆయన కాళ్ళొచ్చి కూసున్నయి, మధ్యాహ్నానికి మిగతాది వచ్చింది. ఆడోళ్ళు “అయ్యో, ఎవరింటి మనిషో” అని చెంబుల నీళ్ళు పెట్టి ఎవరి పనికి వాళ్ళు పోయిన్రు.

దిద్దుడుకు ఒక్కటే కట్టుబాటు. తప్పు చెక్కిన చెయ్యే దిద్దాలె, ఇంకొకరు దిద్దితే పని చెయ్యది. డానియేలు ఎన్నడూ ఎవర్ని ఆపలేదు. తెల్లారంగనే గ్రైండరు పట్టుకొని సమాధుల తోటకు పోయి, తప్పు మాట అరగదీసి మళ్ళ చెక్కేటోడు. ఇక్కడ అరుగు మీది మనిషి లేసి, బట్టలు దులుపుకొని, ఎనకకు చూడకుంట పోయేటోడు.

పెండ్లాం లీలమ్మ రాయి మాత్రం డానియేలు దిద్దలే.

లీలమ్మ కడుపుల గడ్డతోని పోయింది. ఆమె రాయి మీద ‘ఏంజెల్’ అని ఉండాలని డానియేలుకు ఆశ. దేవదూత అన్నట్టు. బిడ్డ స్వీటీ ఇస్కూల్ల చిన్నపిల్లలకు ఇంగ్లీషే చెప్తది, ఒక్క మాట అడిగితే అయిపోతుండె. ఏడ్చి ఏడ్చి కండ్లు వాసిన పిల్లను ఎందుకు కదిలియ్యాలె అనుకున్నడు. ఆ మాట నాకు తెల్వదా, రోజు చూస్తలేనా అనుకొని, ఎదురుంగ షఫీ భాయ్ బోర్డు మీదున్నది అదే మాటనుకొని, ఆ అక్షరాలను చూసి చెక్కిండు. బోర్డు మీదున్నది ‘యాంగిల్’. గేట్లకు, కిటికీలకు వెల్డింగు చేస్తరు చూడు, మూల తిరిగి మడిచిన ఇనుప పట్టీ, అది. ఆఖరి రెండక్షరాలే తేడా.

రాయి నిలబెట్టిన దినమే పొద్దుమూకి లీలమ్మ వచ్చి అరుగు మీద కూసుంది. నడుము కాడ మూల తిరిగి మడత పడ్డది, మళ్ళ సాగలే. నిలబడరాదు, పండరాదు. స్వీటీ ఆమెను చాప మీద ఎల్లెలకల పండబెడితే కాళ్ళు గాలిల లేసినయి. కాళ్ళు కిందికి ఒత్తితే తల లేసింది.

స్వీటీ తోటకు పోయి, ఫోన్ల ఫోటో తీసుకొచ్చి తండ్రికి చూపించింది.

“డాడీ, ఇది దేవదూత కాదు, ఇనుప పట్టీ. రేపే పోయి దిద్దు.”

“పోత బిడ్డా, పోత,” అన్నడు డానియేలు.

పోలే. రేపు రేపు అనుకుంట మూడు వానకాలాలు దాటిచ్చిండు. ఒకపారి గ్రైండరు ఖరాబైందంటడు, ఒకపారి ఆర్డర్లు మస్తున్నయంటడు. అసలు సంగతి గల్లీ అంతటికి ఎరుకే. రాయి దిద్దితే లీలమ్మ పోతది. పొద్దుమూకినంక ఆమె పక్కన కూసోని చాయ్ తాగుకుంట ఆయన ఆ దినం ముచ్చట్లన్ని చెప్తడు, ఆమె ఊ కొడ్తది. ఆ ఊ కోసం మనిషిని గట్ల కూసోబెట్టిండు. ప్రేమనట! ప్రేమున్నోడు చేసే పనేనా ఇది?

లీలమ్మ మొదట్ల ఓర్చుకున్నది. తర్వాత్తర్వాత నడుము పట్టుకొని మూలుగుడు మొదలుపెట్టింది. “సచ్చినంక గూడ పండుకునే నసీబు లేదానయ్యా నాకు?” అని అడిగేది. డానియేలు చాయ్ సల్లారిందనో, దోమలున్నయనో మాట మార్చేటోడు.

గింతట్ల ఆయనకు దగ్గు పట్టింది. దవాఖానల ఫోటో తీసి, ఊపిరితిత్తుల నిండ రాతిపొడి పేరుకున్నదని, మందులతోని పోయేది కాదని చెప్పిన్రు. స్వీటీ తండ్రిని ఆటోల ఇంటికి తెచ్చి అరుగు ముందట్నే నిలబెట్టి అడిగింది.

“నువ్వు పోతే అమ్మ రాయి ఎవరు దిద్దుతరు డాడీ?”

“నేను గూడ పోతే ఇద్దరం ఒక్కతాననే ఉంటం గద బిడ్డా.”

“ఎట్లుంటరు? నీ రాయి నేను దగ్గరుండి తప్పు లేకుంట చెక్కిపిస్త. నువ్వు పోయి నిమ్మళంగ పండుకుంటవు. అమ్మ గిక్కడ గిట్లనే కూసుంటది. నేను ముసల్దాన్నయి సచ్చినంక గూడ కూసుంటది. ఆమె మీద జర్రంత దయ లేదా నీకు?”

డానియేలుకు దగ్గొచ్చింది. స్వీటీ ఆయన రెక్క పట్టుకొని అరుగు మీదనే మంచం వాల్చి పండబెట్టింది. నడుము వాల్చంగనే ఆయన పానం కుదుటపడ్డది. కాళ్ళు చాపిండు, కండ్లు మూసిండు.

లీలమ్మ ఆ చాపిన కాళ్ళ దిక్కే చూస్తున్నది.

“ఏమయ్యా,” అన్నది మెల్లగ. “పండుకుంటే ఎట్లుంటది? నాకు యాదికొస్తలేదు.”

ఆ గొంతుల కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తెల్వక అడిగింది, అంతే. డానియేలు దిగ్గున లేసి కూసున్నడు. ఆ మంచం మీద ఇంక ఒక్క నిమిషం ఒరగలేకపోయిండు. మొఖం రెండు చేతులతోని కప్పుకొని ఏడ్చిండు, తర్వాత చెప్పులు తొడుక్కున్నడు.

“ఉలి, సుత్తె, గ్రైండరు సంచిల పెట్టు బిడ్డా. ఇప్పుడే పోదాం.”

సమాధుల తోటల స్వీటీ వాచ్‌మన్ రూము నుంచి వైరు గుంజింది. గ్రైండరు పెట్టంగనే దుమ్ము లేసింది. తండ్రి ముక్కుకు తడి తువ్వాల కట్టింది. తువ్వాల మీద నెత్తురు మరక కనపడి ఆమె గ్రైండరు గుంజుకోబోయింది.

“ఇటియ్యి డాడీ, నేను పట్టుకుంట.”

“నీ చెయ్యి పనికిరాదు. జరుగు.”

తప్పు మాట మొత్తం పోయి రాయి నున్నగైంది. స్వీటీ సుద్దతోని సరైన మాట రాసింది. ఆయన ఉలి పెట్టి, అక్షరం అక్షరానికి ఆగి “ఇదేనా?” అని అడుగుకుంట కొట్టిండు. ఆఖరి రెండక్షరాల కాడికొచ్చినంక ఉలి పెట్టి మళ్ళ తీసిండు. “ఇదేనా బిడ్డా? ముందుగాల ఇదేనా?” అని మళ్ళ మళ్ళ అడిగిండు.

“అదే డాడీ. కొట్టు.”

కొట్టిండు. రాయి తుడిచి, ఊపిరి అందకున్నా, తొందరగ ఇంటికి పోదామని ఆటో ఎక్కిండు. అరుగు మీదికెల్లి పోయినోళ్ళు ఎవ్వరూ ఆగలేదని ఆయనకు ఎరుకే. అయినా పెండ్లాం గద, ఒక్క మాట మాట్లాడి పోతదని మనసుల ఆశ.

వచ్చేవరకు అరుగు ఖాళీగున్నది. షఫీఉద్దీన్ భాయ్ షాపు మెట్లు దిగి ఎదురొచ్చిండు.

“భాభీ పోయింది డానియేలు భాయ్. ఇప్పుడే. ఖుదా కసం, నా కండ్లతోని చూసిన.”

“నా కోసం అడిగిందా?”

ఆ మొఖం చూసి షఫీ భాయ్‌కి అడిగిందని చెప్దామనిపించింది. నోరు రాలే.

“లేదు భాయ్. అడగలే. ఎనకకు గూడ చూడలే.”

డానియేలు గోడ పట్టుకున్నడు. స్వీటీ ఆయన నడుము చుట్టు చెయ్యేసి ఆపింది. దగ్గు వచ్చి వచ్చి ఆగింది. నోరు తుడుచుకొని ఆయన మళ్ళ అడిగిండు.

“నడుము? నడుము సీదా అయిందా?”

“సీదా అయింది భాయ్. లేసి నిలబడి, రెండు చేతులు పైకెత్తి మంచిగ ఒళ్ళు విరుచుకున్నది. నేను మర్చేపోయిన, భాభీ మస్తు పొడుగు గద. నీ కన్న గూడ పొడుగే.”

“అవును,” అన్నడు డానియేలు ఏడ్చుకుంట. “పొడుగే. పెండ్లిల ఫోటో తీసేటోడు నన్ను ఇటుక మీద నిలబెట్టిండు.”