అక్క అడగమన్న ప్రశ్న

గాజుపలక మీద కట్టర్‌తో గీత లాగి, బల్ల అంచుకు ఆనించి టక్కున విరిచాడు అద్దాల దుకాణదారు. గీత వెంటే తెగింది. బతుకులో అంత సాఫీగా తేలిన వ్యవహారం ఇంకొకటి లేదని ఆయన లెక్క. అంచులకు సానరాయి పట్టి పదును చంపుతూ గడియారం వైపు చూశాడు. సాయంత్రం ఉపన్యాసానికి వెళ్లాలి. వెళ్లడం ఎప్పుడూ ఉన్నదే. ఈసారి పదిమందిలో లేచి ప్రశ్న అడగాలి. భయమంతా అక్కడ.

ప్రశ్న ఆయనది కాదు, అక్కది. తల్లి పోయిన ఏడు, తమ్ముడైనా చదువుకుంటాడని అక్క బడి మానేసింది. తమ్ముడు చదవలేదు. ఒకరి చదువు పెట్టుబడి పెడితే రెండో చదువూ మునిగింది. రెంటికీ చెడ్డ రేవడి బేరం. ఆ మాట ఆమె ఏనాడూ ఎత్తలేదు. ఎత్తితే ఆయన ప్రాణం తేలికపడేదేమో. తల నెరిశాక ఆమెకు మళ్లీ చదువు పిచ్చి పట్టింది. గ్రంథాలయం మేడ మీద ఉపన్యాసమంటే చాలు, చీమల మీదైనా పాత వంతెనల మీదైనా ముందు వరసలో కూర్చునేది. బొమ్మల ప్రదర్శనలకు, నాటకాలకు తమ్ముణ్ణి లాక్కెళ్లేది. ఆయన పక్క కుర్చీలో కునికిపాట్లు పడేవాడు. తిరిగొచ్చే దారిలో ఆమె అంతా మళ్లీ చెప్పేది. అప్పుడు అర్థమైనట్టే ఉండి, గుమ్మం దాటేసరికి మాయమయ్యేది.

కాళ్లు వాచి, ఆయాసం ముదిరి అక్క మంచం పట్టాక, ఆయన ఒక్కడే వెళ్లి విన్నదాన్ని తలా తోకా లేకుండా మోసుకొస్తున్నాడు. తలా తోకా ఆమే అతికించుకుని నవ్వుకుంటుంది.

ఆ పొద్దున తల దువ్వుకుంటూ, చేతి అద్దంలోంచి కళ్లు తీయకుండానే అడిగింది.

"ఒరేయ్, నేను కుడిచెయ్యి ఎత్తితే ఇందులో ఎడమచెయ్యి లేస్తోంది. మరి తల కిందికీ కాళ్లు పైకీ ఎందుకు కావురా?"

"అద్దాలంటేనే అంతక్కా."

"అమ్మేవాడివి. నీ సరుకు సంగతి నీకే తెలియకపోతే ఎలా? ఇవాళ వెలుతురు మీద మాట్లాడతారట, అడిగి రా. నోరు మూసుకుని వచ్చావో, గుమ్మంలోనే నిలబెడతా."

ఆ నాలుగు మాటలకే ఆమె చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది. కుట్టుపని చేసే పొరుగింటామెను తోడు కూర్చోమని చెప్పి ఆయన దుకాణానికి వచ్చాడు.

సాయంత్రం ఉపన్యాసం ముగిశాక లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. పడితే పడిందని గబగబా అడిగేశాడు. ఉపన్యాసకురాలు నవ్వలేదు.

"అద్దం కుడిని ఎడమ చెయ్యదండీ. ముందుదాన్ని వెనక్కి చేస్తుంది, అంతే. కాగితం మీది మాటను అద్దానికి చూపించాలంటే మనమే కాగితం తిప్పుతాం. తిరకాసు ఆ తిప్పడంలో ఉంది. గాజు మీద రాసి పట్టుకోండి, తిప్పే పనే ఉండదు."

తెలిసినట్టు తలూపాడు. సరుకు చేతికొచ్చింది, ఏం సరుకో తెలియలేదు.

ముందూ వెనకా, కుడీ ఎడమా కాదు అని గొణుక్కుంటూ నడిచాడు. ఎవరో పలకరిస్తే మాటల వరస తారుమారైంది. సరిచూసుకుందామని క్షౌరశాల అద్దం ఎదుట ఆగి చెయ్యెత్తాడు. పిలుస్తున్నాడనుకుని లోపలివాడు కుర్చీ దులిపి, "రా బాబాయ్, ఖాళీయే" అన్నాడు.

ఇక మాటలతో అక్కను ఒప్పించడం తన వల్ల కాదనుకున్నాడు. గాజు అయితే తన చేతిలోది. దారిలోనే దుకాణం తలుపు తీసి అరచేయంత ముక్క కోశాడు. అంత చిన్నముక్కకు సానపట్టడం దండగే. అయినా అక్క పట్టుకునేదని నాలుగంచులూ నున్నగా అరగదీశాడు. మైనం పెన్సిల్‌తో 'అక్క' అని రాసి, గోడ మీది అద్దానికి ఎదురుగా పట్టాడు. ఇటూ తిన్నగానే ఉంది, అటూ తిన్నగానే ఉంది. ఉపన్యాసకురాలు చెప్పింది నిజమే. ఎందుకు నిజమో మాత్రం బుర్రకెక్కలేదు. అక్క చెబుతుందిలే అనుకున్నాడు.

పొరుగింటామె గుమ్మంలోనే ఎదురైంది. కొలత టేపు ఇంకా మెడలోనే ఉంది.

"ఇప్పుడేనన్నయ్యా. వాడు అడిగుంటాడా అంది. అడిగే ఉంటాడులే అక్కా అన్నాను. కళ్లు మూసుకుంది. నిద్ర అనుకున్నా."

ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అడిగానక్కా," అన్నాడు.

అంచులు అరగదీయకుండా వచ్చి ఉంటే ప్రాణంతో అందేదా? అరగదీయని అంచు ఆమె వేలు కోసి ఉండేదా? ఏది లాభమో ఏది నష్టమో ఎటు తిప్పి చూసినా తేలలేదు. ఇది లేచి అడగడానికి ఏ ఉపన్యాసమూ లేదు.

ఇరుగుపొరుగు వస్తుంటే, చేతులు ఖాళీ చేసుకోవాలి గనుక, మంచం పక్క బల్ల మీద గాజుముక్కను ఒక అంచు మాత్రం నీళ్లచెంబుకు ఆనించి నిలబెట్టి అవతలికి జరిగాడు. దాని వెనక, గోడకు చేరేసి, అక్క చేతి అద్దం ఉంది. గాజు మీదా, అద్దంలోనూ 'అక్క' తిన్నగానే కనిపిస్తోంది.