దుమ్ముగది

ఆమెను దుమ్ముగదిలో కూర్చోబెట్టింది సొంత తమ్ముడే. పరాయివాడైతే ఎదురుతిరిగి బయటపడేది. తమ్ముడు కాబట్టి కూర్చుంది.

ఆ ఉదయం కూడా ఆమె భర్త తోపుడుబండిని గోదాము గోడకు ఆనించి, ఆమె తన చోటు ఊడ్చుకోవడం చూస్తూ నిలబడ్డాడు. ఇరుకు గది. ఒకటే కిటికీ. మధ్యలో పాతబట్టల్ని చీల్చి దూది చేసే యంత్రం. దాని లోపలంతా ఇనుప పళ్లు. గుండీలూ జిప్పులూ బయట అరుగు మీదే కోసేస్తారు. అయినా ఏ మడతలోనో ఒక కొక్కెం మిగిలిపోతుంది. అది పళ్లకు తగిలితే నిప్పురవ్వ లేస్తుంది, దూది అంటుకుంటుంది. అందుకే బట్ట లోపలికి వెళ్లేముందు ఆఖరిసారి తడిమే మనిషి ఉండాలి. ఆ మనిషి ఆమె. కళ్లతో వెతికేది కాదు. అంచును బొటనవేలి కింద జార్చి, ఆగి, గిల్లి తీసేది. ఆమె కూర్చున్నాక ఆ గదిలో నిప్పు లేవలేదు. అదే ఆమె కొంప ముంచింది.

ఏడాదిగా దగ్గు. పడుకుంటే ఊపిరాడదని గోడకు ఆనుకుని నిద్రపోతుంది. దుమ్ము వదిలితేనే బతుకుతుందని డాక్టరు చెప్పాడు.

"ఇవాళ అరుగు మీదకి మారుస్తానన్నాడుగా, అడుగు," అన్నాడు అతను.

"నువ్వే అడుగు. నీ బావమరిదేగా."

"నీ తమ్ముడు."

"మాట వింటే నీ బావమరిది, వినకపోతే నా తమ్ముడు! బాగుందయ్యా." నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఆమె తమ్ముడే అక్కడ మేస్త్రీ. లారీలోకి మూటలెక్కిస్తున్నాడు.

"ఈ ఒక్క లోడూ పోనీ బావా. రేపు మారుస్తాను. అక్క చెయ్యి ఇంకెవరికుంది చెప్పు?"

"చెయ్యి సంగతి కాదురా, ఊపిరి సంగతి."

"నాకు మాత్రం అక్క కాదా?"

లోపలి నుంచి ఆమె అరిచింది. "వెళ్లవయ్యా, పొద్దెక్కుతోంది! వాణ్ణి నలుగురిలో నిలదీయకు."

తల్లి పోయాక ఆమే వాణ్ణి చంకనేసుకుని పెంచింది. వాడు అడిగింది కాదనడం ఆమెకు చేతకాదు. అది వాడికి బాగా తెలుసు.

అతను పాతబట్టలు పోగెయ్యడానికి కొత్త మేడల వైపు బండి తోశాడు. మొన్నటిదాకా అక్కడ పొలాలు. ఇప్పుడు గేటు పక్కన గేటు. పాతబట్టలు లిఫ్టులో దిగుతాయి. అతను మాత్రం అందులో ఎక్కకూడదు. ధర చీటీ కూడా తెంపని చొక్కాలు, మురికి పట్టని పిల్లల గౌన్లు.

"నిన్ననేగా వచ్చావు?" విసుక్కుంది ఒకావిడ.

"నేను నిన్నొచ్చానమ్మా. మీ బట్టలు ఇవాళొచ్చాయి."

ఆవిడ నవ్వి ఇంకో మూట తెచ్చింది. అతనికి నవ్వు రాలేదు. తాను తోసుకెళ్లే ప్రతి మూటా భార్య గుండెల్లోకే పోతోందని తెలుసు. మధ్యాహ్నం నీడలో కూర్చుని గౌన్ల అంచులు తడిమాడు. ఆమె కోసం చేతనైనన్ని కొక్కేలు తీశాడు. మొద్దు వేళ్లు. సగం దొరకనే లేదు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి యంత్రం ఆడుతూనే ఉంది. గుడ్డలేసేవాడు నోటి మీద వేలుంచాడు.

"అక్క కునుకు తీస్తోందన్నా. లేపలేదు."

ఆమె దూదికుప్పకు ఒరిగి ఉంది. కనుబొమ్మల మీద నూగు. ముక్కు అంచున ఒక దూదిపోగు. అది కదులుతుందేమోనని అతను వంగి చూశాడు. కదల్లేదు.

"యంత్రం ఆపు," అన్నాడు.

తమ్ముడు పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. అతను వాడివైపు చూడలేదు. ఆమె ముఖం మీది నూగును పోగు తర్వాత పోగుగా తీశాడు. లేవబోతుంటే కిటికీ గట్టు మీద టీ గ్లాసు కనిపించింది. దుమ్ము పడకుండా గుడ్డముక్క కప్పి ఉంది. తన వంతు టీ అతని కోసం దాచింది.

వారం తిరక్కుండా ఆ గదికి దుమ్మును బయటికి లాగే ఫ్యాను పెట్టారు. ఆ సంగతి చెప్పడానికి తమ్ముడు ఇంటికొచ్చాడు.

"ఒక్కసారి మాట్లాడు బావా. తిట్టు, కొట్టు. ఏదో ఒకటి అను."

"ఆ మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు. వెళ్తూ తలుపు వేసి వెళ్లు."

  ఆ టీ గ్లాసు ఇప్పుడు ఇంట్లో గూట్లో ఉంది. ఆమె కప్పిన గుడ్డముక్క ఇంకా దాని మీదే ఉంది.