నొప్పి అనని గాడిద పిల్ల

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. వత్తులూ దీర్ఘాలూ తప్పినచోట చదివేవాళ్ళు సర్దుకోండి. ఒక మాట రాసి, దాన్ని పైకి చదువుకుని, అప్పుడు రెండో మాటకి పోతాను. అందుకని చెప్పడం నెమ్మదిగా ఉంటుంది. జరిగింది మాత్రం తొందరగానే జరిగిపోయింది.

ప్రత్తిపాడు అవతలి కల్లంలో మిట్టమధ్యాహ్నం నేల మీద పరిచిన టార్పాలిన్ పట్టాలు కాలిపోతున్నాయి. ఎండిన మిరపకాయలు మోకాలెత్తున పోసి ఉన్నాయి. ముక్కులకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు వాటి చుట్టూ కూర్చుని, రంగు పోయిన తాలు కాయలు ఏరి పక్కన వేస్తున్నారు. రెబ్కా పని ఆపకుండానే, భుజం మీద వేసుకున్న తడిగుడ్డను మోచేత్తో జరిపి కూతురి మొహానికి ఆనించింది.

"ఘాటా?"

స్తుతి తలూపింది. కళ్ళ నుంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి.

స్తుతి రెండో తరగతి. ఒంటిపూట బడులు మొదలైన దగ్గర్నుంచీ, బడి వదలగానే తిన్నగా కల్లానికే వస్తోంది. ఇంటి దగ్గర చూసేవాళ్ళు లేరు. తండ్రి ఎలీషా కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల మీద కాపలాకి పోయాడు, నెలకోసారి వస్తాడు.

కల్లంలో కన్నీళ్ళని ఎవరూ పట్టించుకోరు. అందరి కళ్ళూ కారుతూనే ఉంటాయి. మొగుడు పోయిన ఏడాది జానీబీ ఆ పట్టా మీదే కూర్చుని రోజూ ఏడ్చిందట, పక్కనున్నవాళ్ళకి కూడా తెలియలేదట. "ఏడవాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదమ్మా" అని ఇప్పుడు నవ్వుతూ చెబుతుంది.

అన్నాల వేళకి అందరూ రేకుల నీడలోకి చేరారు. స్తుతి సంచిలోంచి బొమ్మల పుస్తకం తీసింది. కల్లం యజమాని గారి కుటుంబం, పోయిన పెద్దాయన పేరు మీద బడి పిల్లలందరికీ ఆ పుస్తకాలు పంచింది. వార్షికోత్సవానికి ఆ కథ చూడకుండా చెప్పాలి. బాగా చెప్పిన పిల్లకి యజమాని గారి చేతుల మీదుగా బహుమతి.

"చదువే, మేమూ వింటాం" అంది జానీబీ.

స్తుతి వేలు పెట్టి చదివింది. ఒక ఊళ్ళో రెండు గాడిద పిల్లలు. ఒకటి మూట ఎత్తగానే ఓండ్ర పెట్టేది, నా వీపు నొప్పి, నా కాళ్ళు నొప్పి అని. దాన్ని అడవికి తోలేశారు. రెండోది ఎంత బరువైనా మోసేది, నొప్పి అని ఒక్కనాడూ అనలేదు. దాని మెడలో గంట కట్టారు. ఊరంతా దాన్ని ముద్దు చేసింది. చివరి పేజీలో బొమ్మ నిండా పువ్వులే.

"మరి ఆ రెండో గాడిదకి నడుం పట్టలేదంటా?" అడిగింది జానీబీ.

"పుస్తకంలో లేదు" అంది స్తుతి.

"ఉండదులే. మన మేస్త్రి రాయించుంటాడు దీన్ని."

బీడీ ముట్టించుకుంటున్న కోటేష్ మేస్త్రి తల తిప్పాడు. "నన్నెందుకు లాగుతావే జానీబీ? నేనూ మోసేవాణ్ణే. కాకపోతే నాకు గంట కూడా కట్టలా."

"కడతార్లే, ముందు నీ ఓండ్ర తగ్గించు!"

అందరూ పడీపడీ నవ్వారు. స్తుతి నవ్వలేదు. పుస్తకం మూసి పొట్ట మీద అదిమి పట్టుకుంది. రెబ్కా ముద్ద కలిపి పెడితే వద్దంది.

"ఏందే, కడుపులో నొప్పా?"

"ఏం లేదమ్మా."

"వేడి చేసుంటదిలే, మజ్జిగ తాపు" అంది జానీబీ. రెబ్కా మజ్జిగ పట్టింది. పిల్ల రెండు గుక్కలు తాగి పట్టా అంచున ముడుచుకుని పడుకుంది. "నా తల్లి బంగారం" అంది రెబ్కా పక్కావిడతో. "గుక్కెడు మజ్జిగ పట్టినా సరే, ఇది కావాలి అది కావాలి అని ఏడవదు. దీనివల్లే పని చేసుకోగలుగుతున్నా."

ఆ మాట స్తుతి విన్నది. కళ్ళు మూసుకునే విన్నది.

మర్నాడు బడికి పోయింది. మధ్యాహ్నం వంగి నడుచుకుంటూ కల్లానికి వచ్చింది. కల్లంలో అందరూ వంగే నడుస్తారు. ఆ మధ్యాహ్నమంతా పిల్ల చెంపల మీద నీళ్ళు ఆరలేదు. రెబ్కా రెండుసార్లు తడిగుడ్డ అద్దింది, గాలివాటు మళ్ళిందనుకుని పిల్లని ఆవలి పక్కకి జరిపి కూర్చోబెట్టింది. సరుకు సాయంత్రానికి శీతల గిడ్డంగికి పోవాలని మేస్త్రి తొందరపెడుతున్నాడు. నడి పనిలో లేచి వెళ్తే ఆ రోజు కూలి మూడొందలూ రావు. అది ఎవరూ రాయని కట్టుబాటు. రెబ్కా లేవలేదు.

బస్తాలు కుడుతుండగా స్తుతి కక్కుకుంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఎత్తుకోబోతే కాళ్ళు చాపలేకపోయింది. కోటేష్ తన బండి మీద ఇద్దర్నీ ఎక్కించుకున్నాడు. గుంటూరు పెద్దాసుపత్రికి చేరేదాకా గతుకుల్లో పిల్ల పళ్ళ బిగువున మూలిగింది తప్ప గట్టిగా అరవలేదు.

"పేగు దగ్గర తిత్తి, అపెండిక్స్ అంటారు, అది పగిలింది" అన్నాడు డాక్టరు. "రెండు రోజుల నుంచీ విలవిల్లాడుతూ ఉండాలే. చూసుకోలేదా?"

"చూశానయ్యా" అంది రెబ్కా. "కళ్ళమ్మట నీళ్ళు కారతానే ఉన్నాయి. మిరపకాయల ఘాటనుకున్నా."

డాక్టరు మిరప ఎరుపు పట్టిన ఆమె చేతుల వంక చూశాడు. ఆ పూటే ఆపరేషన్ చేశారు.

మూడో రోజున శ్రీరమ్య టీచరు వచ్చింది. యాపిల్ పళ్ళు తెచ్చింది. మంచం పక్కన నిలబడి పిల్ల జుట్టు సవరించింది.

"క్లాసులో కూడా ఒక్క మాట చెప్పలేదు రెబ్కా. బల్ల మీద తల పెట్టుకుంటే నిద్రేమో అనుకున్నాను. ఎంత ఓర్పో!" టీచరు గొంతు తగ్గించింది. "యజమాని గారికి తెలిసింది. వార్షికోత్సవంలో స్తుతి పేరు చదివి, బహుమతి నీ చేతికిస్తామంటున్నారు. ఆస్పత్రి ఖర్చుకి కూడా ఏదో చూస్తారు. నువ్వు ఒక్కసారి స్టేజీ మీదకొస్తే చాలు."

"ఎందుకండీ బహుమతి?"

"ఓర్పుకి. కథలోలాగే ఉంది కదా అని."

వార్డులో ఎవరి పిల్లవాడో ఇంజెక్షన్ చూసి గావుకేకలు పెడుతున్నాడు. ఆ కేకలు రెబ్కాకి హాయిగా వినిపించాయి.

"నేను రానండీ టీచరు గారూ" అంది. "నా పిల్ల పేరు చదవద్దు. అది చేసింది మంచి పనని మిగతా పిల్లలకి చెప్పొద్దు."

"నాకు మాత్రం ఏం తెలుసు రెబ్కా? వచ్చిన పుస్తకాలు పంచాను. నీతి కంఠతా రావాలన్నారు, చెప్పించాను."

"మిమ్మల్ని అన్లేదండీ. పుస్తకం చెప్పింది, మీరు చెప్పారు, నేనూ అదే చెప్పా. అందరం కలిసి ఒకే మాట చెబితే చిన్నపిల్ల ఏం చేసిద్ది? నమ్మింది."

టీచరు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రానికి జ్వరం మళ్ళీ పెరిగింది. డాక్టరు వచ్చి దుప్పటి తీసి పొట్ట మీద అక్కడా ఇక్కడా నొక్కాడు.

"ఇక్కడ నొప్పా పాపా? ఇక్కడ?"

స్తుతి తల అడ్డంగా ఊపింది. పెదవులు తెల్లగా బిగుసుకున్నాయి.

"లోపల ఇంకా చీము ఉందేమోనమ్మా" అన్నాడు రెబ్కాతో. "స్కానింగ్ దగ్గర చాలామంది ఉన్నారు, మన వంతు రేపటికి గాని రాదు. ఈలోగా ఎక్కడ నొప్పో పాపే చెప్పాలి. ఏమడిగినా లేదంటోంది. చెప్పించండి."

రెబ్కా మంచం మీదికి వంగింది.

"చెప్పు తల్లీ. ఎక్కడుందో డాక్టరు గారికి చెప్పు."

"లేదు."

"ఉంది. నాకు తెలుసు. గట్టిగా అరువు, ఎవ్వరూ ఏం అనరు."

స్తుతి తల్లి వంక అనుమానంగా చూసింది. "చెప్తే తోలేస్తారు" అంది చిన్నగా.

"ఎక్కడికే?"

"అడివికి."

"ఎవురు తోలేది? నేనుండగా నిన్నెవురు తోలతారే? అదంతా అబద్ధం. ఉత్త పుస్తకం!"

"బొమ్మ కూడా ఉంది" అంది స్తుతి.

రెబ్కా బతిమాలింది, గడ్డం పట్టుకుంది, దేవుడి మీద ఒట్టేసింది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. డాక్టరు గడియారం చూసుకున్నాడు.

అప్పుడు రెబ్కా నిటారుగా లేచి నిలబడి నోరు తెరిచింది. మొదట గొంతు పెగల్లేదు. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఆమె గట్టిగా ఏడ్చినట్టు చూసినవాళ్ళు లేరు. రెండోసారికి వచ్చింది.

"అమ్మా! నొప్పీ! నా నడుం నొప్పీ! నా చేతులు మంటా! నా కడుపు కాలిపోతుందయ్యో!"

వార్డు వార్డంతా లేచి చూసింది. నర్సు పరిగెత్తుకొచ్చి "ఏమ్మా, నీకేమైంది?" అని రెక్క పట్టుకుంది. రెబ్కా విదిలించుకుని ఇంకా గట్టిగా అరిచింది. ఎవరూ ఆమెని ఎక్కడికీ తోలెయ్యలేదు. అది కూతురు చూడాలని అరిచింది. మొదట అందుకే అరిచింది గాని, తరవాత ఆపుదామన్నా ఆగలేదు.

స్తుతి కళ్ళు తెరిచి తల్లి నోటి వంకే చూస్తోంది.

డాక్టరు మళ్ళీ చెయ్యి ఆనించి, కుడి పక్కన మెల్లగా నొక్కాడు. పిల్ల పెదవులు వణికాయి. కొద్దిగా విడివడ్డాయి. రెబ్కా అరుపు సగంలో ఆపి, ఊపిరి బిగబట్టి వినడానికి వంగింది.

— దాసరి మార్తమ్మ, అరవై నాలుగేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది మంగళగిరిలో.