ప్రెషర్ గోలీ

అన్నంలో రాయి తగలగానే రామ్‌చందర్ కంచం నెట్టేశాడు. "కండ్లు కనవడ్తలేవా? బియ్యం ఏరినవా, ఆడుకున్నవా?" అని పెళ్లాం మీద లేచాడు. రుక్మిణి ఏరింది. చాట నడుమ రాళ్లన్నీ ఏరింది. చాట అంచులే ఆమెకు ఈ మధ్య కనిపించడం లేదు.

ఇరవై రెండేళ్లుగా దుమ్ముగూడెంలో ఆ ఇంటికి వండిపెట్టి, మిరపచేలో నడుం వంచిన మనిషి. రెండేళ్ల కిందట కళ్లకు నీటికాసులు వచ్చాయి. "మీ ఆవిడకు కంట్లో ప్రెషర్ పెరిగింది" అని ఖమ్మం డాక్టరమ్మ చుక్కలు రాసిచ్చింది. ఆ ఒక్క మాట రామ్‌చందర్‌కు భలే పనికొచ్చింది. "గింత నోరేసుకుంటే ప్రెషర్ రాకుంటదా?" అంటూ, తన తల్లి సైదమ్మ మింగే బీపీ గోలీ రోజూ రాత్రి అన్నం తిన్నాక ఈమె చేతిలోనూ పెట్టసాగాడు. ఎదురు చెప్పిన రోజు రెండు. చెల్లెలింటికి పోతానంటే రెండు. చుట్టాల ముందు గట్టిగా నవ్వితే రెండు. మింగిందాకా నోట్లోకే చూసేవాడు. ఎంత శ్రద్ధ గల మొగుడని వాడకట్టు ఆడవాళ్లు తెగ ముచ్చటపడ్డారు.

పొద్దున లేస్తే కళ్లు తిరిగేవి. చుక్కలు ఒక్కనాడు తప్పకపోయినా చూపు పక్కల నుంచి మూసుకొస్తోంది. రుక్మిణికి భయం పట్టుకుంది. చెబితే ఇంకో గోలీ. అందుకే రాయి తగిలిన మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఖమ్మం బస్సెక్కింది.

"కంటి ప్రెషర్ మంచిగనే దిగిందమ్మా. అయినా నరం ఎండిపోతోంది. నీ బీపీ చూస్తే మరీ తక్కువుంది. వేరే మందులేమన్నా మింగుతున్నవా?" అని అడిగింది డాక్టరమ్మ.

రుక్మిణి కొంగు ముడి విప్పి, అత్త మందుల్లోంచి తెచ్చిన గోలీల పట్టీ చూపింది. డాక్టరమ్మ పట్టీ వెనక్కి తిప్పి పేరు చదివింది.

"ఇవి రక్తపోటుకు. నీకు రక్తపోటే లేదు. కంటి ప్రెషర్ వేరు, ఇది వేరు. ఇవి మింగి పడుకుంటే నిద్రలో బీపీ ఇంకా పడిపోయి, కంటి నరానికి రక్తం సరిగ్గా అందదు. పోయిన చూపు మళ్లీ రాదు. ఇయ్యాల్టి నుంచి ముట్టకు. అసలెవరిచ్చిన్రు?"

"మా ఇంటాయన. రోజుకొకటి. నాకు కోపమొచ్చినప్పుడల్లా రెండు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అదేమిటో రుక్మిణికి తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి రామ్‌చందర్ గడపలోనే ఉన్నాడు. "ఒక్కదానివే పోయినవా? ప్రెషర్ బాగా ఎక్కింది నీకు" అని చెయ్యి చాపాడు. అరచేతిలో మూడు గోలీలు. అవి మాత్రం ఆమెకు బాగా కనిపించాయి.

వేళ్లు ఒక్కొక్కటే మడిచి, అతని పిడికిలి అతనికే మూసింది.

"నాకున్నది ప్రెషర్ కాదు, కోపం. అది దిగితే కండ్లు పోతయని డాక్టరమ్మ చెప్పింది."